పాస్ అయింది సరే, ఏ కొలతకి?

మన కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు అనగానే కన్వేయర్ బెల్టు గుర్తొస్తుంది కదా. ఆ బెల్టు కింద రోలర్‌ని పట్టుకునే బ్రాకెట్‌నే ఈరోజు ఉదాహరణగా తీసుకుంటున్నా.

క్యాడ్‌లో 10 మి.మీ. మందంతో గీశాం. స్టెప్ ఫైల్‌గా మార్చి, వేరే అనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌లో వేశాం. పాస్! తర్వాత ఇనుము ఆదా అవుతుందని క్యాడ్‌లో మందం 8 చేశాం. రిపోర్టు మాత్రం పాతదే. లోడు, పొడవు, వెడల్పు ఏమీ మారకపోయినా, వంపు వల్ల వచ్చే స్ట్రెస్ సుమారు 56 శాతం పెరుగుతుంది. వంగడమైతే దాదాపు రెట్టింపు!

ఎందుకిలా? స్టెప్ ఫైల్‌లో మామూలుగా ఆకారం వెళ్తుంది, దాన్ని ఎలా గీశామన్న హిస్టరీ వెళ్లదు. అందుకే డిజైన్, అనాలిసిస్ ఒకే చోట కలిసుండాలి అంటాను.

కంప్యూటర్ ఉంటే ఫ్రీక్యాడ్ వేసుకోండి, ఉచితమే. పార్ట్ గీసి, అందులోనే ఫెమ్ వర్క్‌బెంచ్‌లో మెష్ వేసి, కాల్క్యులిక్స్‌తో లెక్క కట్టించొచ్చు. కొలత మారిస్తే మోడల్ మారుతుంది. కానీ మెష్ మళ్లీ వేయడం, లెక్క మళ్లీ నడపడం మన పనే. లోడు, బిగింపు సరైన ముఖం మీదే ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

అందుకే ఎవరైనా "పాస్" అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఏ కొలతకి?