గట్టు మీది గలిజేరు: అపోహలు, వాస్తవాలు

తొలకరి పడితే చాలు, చేలో మనం విత్తినవాటికన్నా విత్తనివే ముందు లేస్తాయి. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, తుమ్మి, గురుగు... జహీరాబాద్ వైపు మహిళా రైతులకు ఇవి కలుపు కాదు, కూర. ఆ చూపు సరైనదే. చిక్కల్లా వీటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలతోనే.

అపోహ: మన పొలంలోదే కదా, కడుక్కుంటే చాలు.

పైరుకు మందు కొట్టకపోయినా గట్టుకు కొట్టి ఉండొచ్చు. గ్లైఫోసేట్ ఆకులోంచి వేరుదాకా దిగే కలుపుమందు. లోపలికి దిగింది కడిగితే పోదు. పైగా కొట్టిన మొక్క కొన్ని రోజులు పచ్చగానే ఉంటుంది. కోసేముందు కౌలుదారునీ, పక్కచేను వాళ్లనీ అడగాలి.

అపోహ: పశువు మేసిందంటే మనిషికీ మంచిదే.

జొన్న కోసిన చేలో మళ్లీ మొలిచే లేత పిలకలు మేసి, అందులోని సైనైడు విషంతో పశువులు కూలిపోవడం మెట్ట రైతులకు కొత్త కాదు. తన మేత సంగతే తెలియని పశువు మన కూర సంగతి చెబుతుందా?

అపోహ: గలిజేరు తింటే పాడైన కిడ్నీలు బాగవుతాయి.

యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు ఊరూరా ఇదే మాట. అసలు ఈ పేరుతో రెండు మొక్కలు తిరుగుతున్నాయి. ఆయుర్వేదంలో పునర్నవ అని ఎక్కువగా వాడేది అటికమామిడి. దానికి లావుపాటి వేరు, సన్నటి కాడల చివర చిన్న గులాబీరంగు పూలు ఉంటాయి. జిగట కాయలు కాళ్లకూ పంచెలకూ అంటుకుంటాయి. తెల్లగలిజేరు వేరే మొక్క. ఆకు కండగా, గుండ్రంగా ఉంటుంది. పువ్వు ఆకు మొదట్లో ఇరుక్కుని పూస్తుంది, కాడ ఉండదు. రెండింటిలో దేనివల్లా చెడిన కిడ్నీ బాగవుతుందని మనుషుల మీద గట్టిగా రుజువు కాలేదు. తెల్లగలిజేరులో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ, అటికమామిడిలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎప్పుడైనా పప్పులో వేసుకుంటే ఫర్వాలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చివరికి ఎవరు జాగ్రత్తపడాలో వాళ్లకే ఏరికోరి తినిపిస్తున్నాం.

అపోహ: ఆకు ఎప్పుడు కోసినా ఒకటే.

గంగవాయిలిని చూడండి. వాన మొహం చాటేసినప్పుడు అది రాత్రిపూట గాలి పీల్చి మాలిక్ ఆమ్లం దాచుకుంటుంది, పగలు ఖర్చు పెడుతుంది. అందుకే తెల్లవారుజామున కోస్తే పుల్లన, సాయంత్రం కోస్తే చప్పన. పప్పులోకి పొద్దున్నే కోయడం మేలు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దీన్నీ తగ్గించుకోవాలి, ఇందులోనూ ఆక్సలేట్లు ఎక్కువే. ఇంకో జాగ్రత్త: నేలకు పరుచుకునే నానబాలు జాతి మొక్కలు దూరానికి గంగవాయిలిలాగే కనబడతాయి. కాడ తుంచి చూడండి. గంగవాయిలికి పాలు రావు. పాలు వస్తే వదిలేయండి.