నల్లరేగడి నేలపై రన్‌వే

దక్కను పీఠభూమిలోని నల్లరేగడి పత్తి రైతుకు పెన్నిధి. మా వంటి సివిల్ ఇంజనీర్లకు మాత్రం పరీక్ష. ఆంగ్ల గ్రంథాలలోని ‘రేగర్’ అన్న మాట మన ‘రేగడ’ నుండే పుట్టిందంటారు. వేసవిలో చేయి దూరేటంత నెర్రెలు విచ్చే ఈ నేల, నాలుగు వానలు పడగానే ఉబ్బి వాటిని తానే పూడ్చుకుంటుంది. మాంట్‌మొరిల్లోనైట్ అనే ఖనిజపు పలుచని పొరల నడుమకు నీరు చొరబడడమే ఇందుకు కారణం.

పేవ్‌మెంటు మందం పెంచితే సరిపోదా అని కొత్తగా చేరిన ఇంజనీర్లు మమ్మల్ని అడుగుతుంటారు. నానిన రేగడి సి.బి.ఆర్. విలువ తరచు 2, 3 శాతమే కనుక, సుమారు 397 టన్నుల గరిష్ఠ భారంతో ఎగిరే బోయింగ్ 747-400 వంటి విమానానికి మందం ఎలాగూ తప్పదు. అయితే అది నేల బలహీనతకు మందు గాని, ఉబ్బుకు కాదు. మీటరు మందపు పేవ్‌మెంటు చదరపు మీటరుపై మోపే బరువు రెండు టన్నుల పైచిలుకు. ఎండిన రేగడి తడిసినపుడు పైకి నెట్టే ఒత్తిడి 10 టన్నులు దాటడం అరుదు కాదు. విమాన భారం క్షణకాలమే, ఉబ్బు నెలల తరబడి!

నేల అంతటా సమానంగా లేస్తే చింత లేదు. కాని రన్‌వే నడిమి భాగం కింద తేమ ఆవిరి కాక నిలిచిపోతుంది. అంచులు ఏటా ఎండి, ఏటా తడుస్తాయి. అందువల్ల అంచుల వెంబడి పొడవాటి పగుళ్లు, ఉపరితలంపై అలలు ఏర్పడతాయి. గతుకు కనిపిస్తే బస్సు నెమ్మదిస్తుంది. గాలిలోకి లేవబోయే విమానానికి ఆ వీలు లేదు. పగుళ్ల నుండి ఊడిన కంకరరాయి ఇంజనులోకి పోతే కలిగే నష్టం వేరుగా చెప్పనక్కరలేదు.

రేగడి లోతు తక్కువైతే త్రవ్వి పారవేయడమే ఉత్తమం. లేనిచో తూకంలో 3 నుండి 5 శాతం సున్నం కలిపితే జిగట తగ్గి, క్రమంగా బలం చేకూరుతుంది. అయితే మట్టిలో సల్ఫేట్లు ఉన్నవేమో ముందే పరీక్షించాలి. ఉంటే సున్నమే కొత్త ఉబ్బుకు కారణమవుతుంది. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టి పరిశోధించిన మార్గం మరొకటి: ఉబ్బని జిగురు మట్టిని సుమారు మీటరు మందాన పరచడం. తగిన ఎర్ర మొరం దగ్గరలో దొరికే చోట మేము దీనికే మొగ్గు చూపుతాము. ఇసుక చవక అని దానిని పరిచేవారున్నారు. అది నీటిని నేరుగా రేగడికే చేరవేస్తుంది.

ఏ మార్గమైనా కాలువలు సరిగా లేకుంటే వృథా. అంచనాలలో కోత పడినప్పుడల్లా మొదట తగ్గేది కాలువల పద్దే. ఆ ఒక్క పద్దును మాత్రం మేము వదులుకోము.