రోజువారీ ప్రయాణానికి కారు: కొనే ముందు చూసుకోవలసినవి



సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నగరి, పుత్తూరు వైపు నుంచి, ఇటు గుమ్మిడిపూండి, ఊత్తుకోట, తిరుత్తణి వైపు నుంచి చెన్నైకి ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం, ఆసుపత్రుల కోసం వెళ్లి వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఇలాంటి ఇళ్లలో ఇప్పుడు తరచు వినబడే మాట, "ఒక కారు ఉంటే బాగుండును" అని. ఎలాంటి కారు, ఎంతలో, కొత్తదా పాతదా అన్న సంగతులు ఈ ప్రసంగంలో చూద్దాం.

ముందుగా ఒక మాట. సూళ్లూరుపేట నుంచి గాని, తిరుత్తణి నుంచి గాని రోజూ సెంట్రల్ స్టేషన్ పరిసరాల్లోని ఆఫీసుకు వెళ్లే మనిషికి కారు అవసరం లేదు. లోకల్ రైలు ఉంది, సీజను టిక్కెట్టు ఉంది. ఒక్క మనిషి కోసం అంత దూరం కారు తోలడం డబ్బు దండగ, ఒళ్లు దండగ. రైలు దిగి ఇంకో పది, పదిహేను కిలోమీటర్లు లోపలికి వెళ్లవలసినవారు, వేళాపాళా లేని ఉద్యోగాలు చేసేవారు, ఇంట్లో ముసలివారిని నెలకు నాలుగుసార్లు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లవలసినవారు, వీరికి కారు పనికివస్తుంది. ఈ ప్రసంగం వారి కోసం.

లెక్క దగ్గర మొదలుపెడదాం. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 1000 కిలోమీటర్లు. ఊళ్లోనూ హైవే మీదా కలిపి లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు నెలకు 55, 56 లీటర్లు కావాలి. లీటరు నూరు రూపాయల చొప్పున వేసుకున్నా అయిదున్నర వేలు. దీనికి టోలు, సర్వీసు, ఇన్సూరెన్సు, నాలుగైదేళ్లకు ఒకసారి టైర్లు కలపాలి. షోరూములో చెప్పే మైలేజీ పరీక్షశాలలో వచ్చినది. కోయంబేడు దగ్గర సాయంత్రం ఆరు గంటలకు వచ్చేది వేరు. చెప్పినదానిలో నాలుగో వంతు తీసేసి లెక్క వేసుకోండి, మనసుకు కష్టం ఉండదు.

అప్పు తీసుకునేవారు నెల వాయిదా ఒక్కటే చూసి మురిసిపోతుంటారు. 5 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,400. అదే ఏడేళ్లకు అయితే సుమారు 8,050. వినడానికి ఏడేళ్లే సుఖంగా ఉంటుంది. కాని మొత్తం కట్టే వడ్డీ మొదటి పద్ధతిలో దాదాపు లక్షా ఇరవై మూడు వేలు, రెండో పద్ధతిలో దాదాపు లక్షా డెబ్బై ఆరు వేలు. యాభై వేల పైచిలుకు తేడా! అదీగాక, ఏడో ఏట కారు పాతబడి రిపేర్లు మొదలయ్యే వేళకు కూడా వాయిదా కడుతూనే ఉండాలి.

డీజిలు చవక కదా అని పెద్దవారు అడుగుతారు. అది ఒకప్పటి మాట. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధన వచ్చాక చిన్న కార్లలో డీజిలు ఇంజన్లు దాదాపు కనుమరుగయ్యాయి. మారుతి కంపెనీ ఆ ఏడాదే డీజిలు కార్లు మానేసింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి పెట్రోలే మేలు. మీ దారిలో గ్యాసు బంకు ఉంటే సి.ఎన్.జి. కూడా ఆలోచించవచ్చు. కాకపోతే డిక్కీలో చోటు చాలావరకు సిలిండరే తినేస్తుంది.

ఏ కంపెనీ కారు మంచిది అన్న ప్రశ్నకు చెన్నై చరిత్రలోనే సగం జవాబు ఉంది. వండలూరు, పెరుంగళత్తూరు ప్రాంతంలో స్టాండర్డ్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉండేది. 1961 నుంచి అక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు వచ్చాయి. మద్రాసు డాక్టర్లు, వకీళ్లు ముచ్చటపడి కొనుక్కున్న కారు అది. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చారు. అది నిలదొక్కుకోలేదు, 1980ల చివరికి ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత 1998లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై నుంచి హ్యుందాయ్ సాంత్రో వచ్చింది. మరైమలై నగర్ నుంచి 1999లో ఫోర్డ్ ఐకాన్ వచ్చింది. హ్యుందాయ్ నిలిచింది. ఫోర్డ్ మాత్రం 2021లో భారతదేశంలో కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించి, 2022లో చెన్నై ఫ్యాక్టరీలో ఆ పని ముగించింది. షెవ్రొలే కార్లు కూడా 2017 చివరికి మన దేశంలో అమ్మకం ఆగిపోయాయి.

ఇలా ఆగిపోయిన కార్లు చెడ్డవని కాదు. ఫోర్డ్ కార్ల గట్టితనాన్ని ఇప్పటికీ మెచ్చుకునేవారున్నారు. అయితే అలాంటి కారు సెకండ్ హ్యాండులో చవకగా దొరుకుతుందంటే, ఆ చవకకు కారణం ఉంది. చెన్నైలో ఉండేవారికి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త పార్టులు, పుదుప్పేటలో పాత పార్టులు వెతుక్కునే వీలుంది. నాయుడుపేటలోనో పుత్తూరులోనో శనివారం సాయంత్రం బండి ఆగితే? అందుకని కొనబోయే కారు పేరు చెప్పి, మీ ఊరి మెకానిక్కును రెండు ప్రశ్నలు అడగండి. క్లచ్ ప్లేటు ఎన్ని రోజుల్లో తెప్పించగలవు, ఎంత అవుతుంది అని. ఆయన తడుముకోకుండా చెబితే ఆ కారు మీకు పనికివచ్చేది. నన్నడిగితే రంగు, టీవీ తెర, పై కప్పు అద్దం వీటన్నిటికంటే ఈ జవాబే ముఖ్యం.

కొత్త కారా, పాత కారా అన్నది ఇప్పుడు మళ్లీ లెక్క వేసుకోవలసిన ప్రశ్న. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. అందువల్ల రెండు మూడేళ్ల పాత కారుకు, అమ్మేవారు తాము కొన్న ధరను బట్టి బేరం చెబితే ఒప్పుకోకండి. అదే కారు కొత్తది ఇవాళ ఎంతకు వస్తుందో షోరూములో కనుక్కుని, దాన్నిబట్టి మాట్లాడండి. పాత కారే కొనేటట్లయితే 2019 ఏప్రిల్ తర్వాత తయారైనది చూసుకోవడం మంచిది. అప్పటికి చక్రాలు పట్టేసి జారిపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. బ్రేకులు కార్లకు తప్పనిసరి అయ్యాయి. వానలో హైవే మీద లారీ వెనకాల వెళ్లేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ఇకపోతే చెన్నైలో పాత కారు కొనేవారు అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది నీళ్లలో మునిగిన కారును. 2015 డిసెంబరు వరదలు అందరికీ గుర్తే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పళ్లికరణై, ముడిచ్చూరు వంటి చోట్ల కార్లు కొట్టుకుపోవడం, ఒకదానిమీద ఒకటి ఎక్కడం చూశాం. ఆ తర్వాత పెద్ద వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి జనం తమ కార్లను ఫ్లయ్‌ఓవరు మీద నిలబెట్టడం అలవాటు చేసుకున్నారు. మునిగిన కార్లలో కొన్ని తుక్కు కిందకు పోతాయి. కొన్ని కడిగి, తుడిచి, కొత్త సీటు కవర్లు తొడుక్కుని, ఊరు దాటి అమ్మకానికి వస్తాయి. సరిహద్దు జిల్లాలు వాటికి దగ్గర దారి.

నీరు ఏం చేస్తుందంటే, గాలి పీల్చుకునే గొట్టం గుండా ఇంజనులోకి వెళుతుంది. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు అలా కుదించుకోదు. ఆ స్థితిలో స్టార్టు చేస్తే లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకే మునిగిన కారును స్టార్టు చేయకూడదు, తోయించి షెడ్డుకు చేర్చాలి. ఇంజను సంగతి వెంటనే తెలుస్తుంది గాని, వైర్ల సంగతి అలా కాదు. కనెక్షన్ల దగ్గర పచ్చగా చిలుము పట్టి, ఆరేడు నెలలకు ఒకనాడు లైట్లు ఆగిపోతాయి, ఇంకోనాడు స్టీరింగు బరువెక్కుతుంది. ప్రమాదంలో తెరుచుకోవలసిన ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు. డబ్బు సంగతి అటుంచి, ఇది ప్రాణం మీదకు వచ్చే వ్యవహారం.

కనిపెట్టడం ఎలా? సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగండి. చివరి జానెడు మేర బురద చార ఉంటే ఇక చూడనక్కరలేదు. డిక్కీలో స్టెప్నీ చక్రం తీసి కింది గుంట చూడండి. సీట్ల కింద మేకులు, బోల్టులు తుప్పుపట్టాయా, పదేళ్ల కారులో నేల తివాచీ మాత్రం కొత్తగా ఎందుకుందో అడగండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చుంటే ముక్క వాసన తెలుస్తుంది. మరీ ఎక్కువ సెంటు కొట్టి ఉంటే అదీ అనుమానమే. కంపెనీ సర్వీసు రికార్డు, పాత ఇన్సూరెన్సు క్లెయిముల వివరం అడిగి చూడండి. "అవన్నీ పోయాయి సార్" అంటే మీరూ అక్కడినుంచి వచ్చేయండి. కారును మిట్టమధ్యాహ్నం, ఏ.సి. వేసి, ఇంటిల్లిపాదినీ ఎక్కించి నడిపి చూడండి. మద్రాసువాళ్లు కత్తిరి అనే మే నెల ఎండల్లో ఆ కారు మిమ్మల్ని ఎలా మోస్తుందో అప్పుడే తెలిసిపోతుంది.

చివరగా కాగితాలు. మన ప్రాంతంవారికి ఇక్కడే చిక్కు. తమిళనాడు నంబరు కారు కొని ఆంధ్రలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అందుకు ఫారం 28 మీద అక్కడి ఆర్.టి.ఓ. ఆఫీసు ఇచ్చే ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. ఆ పన్ను ఎంతో ముందే కనుక్కుని బేరంలో కలుపుకోండి. లేకపోతే చవకగా వచ్చిందనుకున్న కారు ఖరీదైపోతుంది. పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు, పాత అప్పు ఉంటే అది తీరినట్టు బ్యాంకు సంతకంతో ఫారం 35 ఉండాలి. కట్టని జరిమానాలు ఉన్నాయేమో పరివాహన్ వెబ్‌సైటులో ఆర్.సి. నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి రాసి ఇవ్వాలి. ఇవన్నీ చేతికి వచ్చేదాకా ధరలో కొంత సొమ్ము అమ్మినవారికి ఇవ్వకుండా మీ దగ్గరే అట్టేపెట్టుకోండి.