తీగలు లేని విద్యుత్తు – ఎంత దూరం?

వీధి మలుపులో స్తంభాల మీద ఎక్కించిన ట్రాన్స్‌ఫార్మరును అందరూ చూసే ఉంటారు. ఒక వైపు 11,000 వోల్టుల తీగలు దానిలోనికి వస్తవి. మరొక వైపు నుండి ఇండ్లకు పోయే తీగలు బయలుదేరుతవి. లోనికి వచ్చిన తీగే బయటకు పోతున్నదని చాలమంది అనుకొంటారు. నిజానికి ఆ రెండింటికి లోపల ఎక్కడా అతుకు లేదు. ఇనుప రేకుల దిమ్మె మీద రెండు తీగచుట్టలు ఉంటవి; వాటి నడుమ కాగితం, నూనె అడ్డుగా ఉంటవి. మొదటి చుట్టలో పారే విద్యుత్తు రెండవ చుట్టలోనికి ఒక్క బొట్టైనా పోదు. అయినను ఇంటిలో దీపం వెలుగుతున్నది. అనగా తీగ సహాయం లేకుండా విద్యుచ్ఛక్తిని ఒకచోటి నుండి మరొకచోటికి దాటించటం రేపటి వింత కాదు. ట్రాన్స్‌ఫార్మరు పుట్టిననాటి నుండి జరుగుతున్న పనే. అయితే అక్కడ శక్తి దాటే ఎడం కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. ఆ ఎడాన్ని మీటర్లకు, మైళ్ళకు పెంచబోతే ఏమవుతుంది?

ఈ విద్యకు మూలం మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న చేసిన ప్రయోగం. ఆయన ఒక ఇనుప కడియానికి రెండు పక్కల రెండు తీగలు చుట్టాడు. ఒక తీగను బ్యాటరీకి తగిలించిన క్షణంలోను, విడదీసిన క్షణంలోను రెండవ తీగ దగ్గర ఉంచిన అయస్కాంతపు సూది కదిలింది. ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపు సూది కదలలేదు. ప్రవాహం మారితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు పక్క తీగలో విద్యుత్తును పుట్టిస్తుంది. దీనినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. ఇనుప కడియం చేసే పని, ఆ క్షేత్రాన్ని అటూ ఇటూ చెదరనీయకుండా తన వెంట నడిపించటం. ఇనుమును తీసివేసి చుట్టలను దూరం జరిపితే క్షేత్రం వేగంగా క్షీణిస్తుంది. చుట్ట పరిమాణం కంటె బాగా దూరం పోయిన తరువాత, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదవ వంతు అవుతుంది. నేడు కొన్ని మొబైల్ ఫోనులను తీగ గుచ్చకుండా పలక మీద పెట్టి ఛార్జి చేస్తున్నారు. ఫోనును ఆ పలకకు ఆనించే పెట్టవలసిరావటం ఇందువలననే. కొంచెం పక్కకు జరిగినా ఛార్జి మందగించి, నష్టపోయిన శక్తి వేడిగా మారుతుంది.

“రేడియో పాట వందల మైళ్ళు గాలిలో వస్తున్నది గదా! విద్యుత్తు ఎందుకు రాదు?” అని ఎవరికైనా తోచవచ్చును. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక ప్రసార కేంద్రం 1,00,000 వాట్ల శక్తిని అన్ని దిక్కులకు సమంగా వెదజల్లుతున్నదనుకొందము. 10 కిలోమీటర్ల దూరం చేరేసరికి ఆ శక్తి 125 కోట్ల చదరపు మీటర్లకు మించిన గోళం మీద పరచుకొంటుంది. చదరపు మీటరుకు దక్కేది వాటులో 10,000వ వంతు కూడా కాదు. అక్కడ 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక్కటి వెలిగించాలంటే సుమారు 28 ఎకరాల మీద పడే తరంగాలను ఒక్క చుక్క పోకుండా పట్టుకొనవలె! రేడియో పెట్టెకు ఈ బాధ లేదు. దానికి కావలసినది శక్తి కాదు, వార్త. అణుమాత్రం అందితే చాలు. దానిని పెద్దది చేసి వినిపించే బలాన్ని ఆ పెట్టె తన బ్యాటరీ నుండి తీసుకొంటుంది.

ఈ తేడాను మరచినవారు పెద్దలలో కూడ ఉన్నారు. 1895 ప్రాంతంలో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు కలకత్తా టౌన్‌హాలులో ఒక ప్రదర్శన ఇచ్చాడు. ఆయన పంపిన విద్యుత్తరంగాలు అడ్డుగా ఉన్న గోడలను దాటిపోయి దూరాన గంటను మ్రోగించినవి, తుపాకిమందును పేల్చినవి. చూచినవారికి శక్తి గాలిలో నడచిపోయినట్లే తోచి ఉండును. కాని గంటను మ్రోగించినది అక్కడి బ్యాటరీ. ప్రేలుడు మందులో ముందే దాగి ఉన్నది. తరంగం చేసినది మీట నొక్కటమే. కొట్టం గడియ తీసిన పిల్లవాడి బలం వేరు, లోపలి నుండి దూకిన కోడెదూడ బలం వేరు. వార్త పంపేవాడికి పంపిన దానిలో కోటవ వంతు చేరినా లాభమే. శక్తిని పంపేవాడికి సగం పోయినా నష్టమే.

నికోలా టెస్లా కథ ఈ చోటనే అడ్డం తిరిగింది. నేడు మన ఇండ్లకు వచ్చే ఏకాంతర విద్యుద్విధానానికి మహోపకారం చేసిన మేధావి ఆయన. 1899లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రయోగశాల కట్టి, లక్షల వోల్టులతో కృత్రిమమైన మెరుపులు కురిపించాడు. భూగోళాన్నే ఒక పెద్ద తీగగా వాడి, ప్రపంచంలో ఏ మూలనైనా శక్తిని తోడుకొనవచ్చునని నమ్మాడు. 1901లో న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్ మీద 57 మీటర్ల గోపురం మొదలుపెట్టాడు. ధనికుడైన జె. పి. మోర్గన్ 1,50,000 డాలర్లు ఇచ్చాడు, ఆ తరువాత ఇవ్వనన్నాడు. అదే సంవత్సరం డిసెంబరులో మార్కోనీ ఎంతో చౌకైన సాధనాలతో అట్లాంటిక్ మీదుగా సంకేతం పంపాడు. గోపురం 1917లో కూలదోయబడింది. టెస్లా 40 కిలోమీటర్ల దూరాన 200 దీపాలు వెలిగించాడని ఒక కథ నేటికీ ప్రచారంలో ఉన్నది. 1978లో అచ్చయిన ఆయన సొంత ప్రయోగాల దినచర్యలో అటువంటి ప్రయోగం కనబడదు. ఆయనను ధనికులు అణగద్రొక్కినందువలన ప్రపంచానికి ఉచిత విద్యుత్తు దక్కలేదనే మాటకు కూడ ఆధారం లేదు. డబ్బు లేకపోవటం గోపురాన్ని ఆపినది నిజమే. కాని పూర్తయినను భూమి ఆయన అనుకొన్నట్లు పనిచేసేది కాదు.

అయితే టెస్లా గట్టిగా పట్టుకొన్న ఒక సూత్రం వృథా పోలేదు. అది అనునాదం. శ్రుతి కలిసిన రెండు తంబురలను దగ్గర దగ్గర ఉంచి ఒకదాని తీగను మీటితే రెండవదాని తీగ దానంతట అదే కంపిస్తుంది. పక్కనున్న రాగిచెంబులో కదలిక ఉండదు. విద్యుత్తులో కూడ ఒకే కంపన సంఖ్యకు శ్రుతి చేసిన రెండు చుట్టలు ఒకదానితో మరొకటి శక్తిని పంచుకొంటవి. 2007లో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు రాగి చుట్టలను సెకండుకు కోటి కంపనాల దగ్గర శ్రుతి చేసి, 2 మీటర్ల దూరాన 60 వాట్ల దీపాన్ని వెలిగించారు. చుట్ట నుండి చుట్టకు చేరినది ఇంచుమించు 40 శాతం. గోడలోని ప్లగ్గు నుండి లెక్కవేస్తే 15 శాతం మాత్రమే! పత్రికలు మొదటి అంకెనే ఎక్కువగా చాటినవి.

మైళ్ళ దూరం పోవలెనంటే మిగిలిన దారి ఒకటే: శక్తిని అన్ని దిక్కులకు చల్లక, టార్చిలైటు వెలుగువలె ఒకే వైపుకు పంపటం. రేథియాన్ కంపెనీ ఇంజనీరు విలియం బ్రౌన్ 1964లో సూక్ష్మతరంగాల కిరణంతో ఒక చిన్న హెలికాప్టరును నేల నుండి 18 మీటర్ల ఎత్తున నిలబెట్టాడు. దానిలో ఇంధనం లేదు, బ్యాటరీ లేదు. తరంగాలను పట్టి నేరుగా ఏకముఖ విద్యుత్తుగా మార్చే ఏరియల్ వల దాని అడుగున ఉన్నది. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ దగ్గర 26 మీటర్ల వెడల్పు గల పళ్ళెం నుండి 1.54 కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించారు. వల మీద పడిన శక్తిలో 80 శాతానికి మించి విద్యుత్తుగా మారింది. ఇది గొప్ప ఫలితమే. కాని పంపినది సుమారు 450 కిలోవాట్లు. అందుకొన్న వల 25 చదరపు మీటర్లైనా లేదు, కిరణం దానికంటె ఎంతో వెడల్పు. అధికభాగం వల పక్కల నుండి పోయింది.

కిరణం ఎందుకు విచ్చుకొంటుంది? అది పనిముట్టులోని లోపం కాదు, తరంగాల స్వభావం. తరంగ దైర్ఘ్యాన్ని దూరంతో గుణించి పళ్ళెం వెడల్పుతో భాగిస్తే అవతల పడే వెలుగు మచ్చ పరిమాణం ఉరమరగా తెలుస్తుంది. మచ్చ అంచుల వరకు లెక్కలోనికి తీసుకొంటే దానికి సుమారు రెండున్నర రెట్లు. 1968లో పీటర్ గ్లేసరు ఒక ఆలోచన చెప్పాడు: 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం మీద సూర్యరశ్మిని పట్టి, 12 సెంటీమీటర్ల తరంగాలుగా మార్చి భూమికి దింపవచ్చునని. పళ్ళెం వెడల్పు 1 కిలోమీటరు అనుకొందము. మన లెక్క ప్రకారం నేల మీద మచ్చ వెడల్పు 10 కిలోమీటర్లకు పైమాట. తరువాత అమెరికా ప్రభుత్వం వేయించిన నమూనాలో కూడ ఇవే కొలతలు కానవస్తవి. దాని నుండి అందవలసినది 500 కోట్ల వాట్లు. అంత వెడల్పున పరచుకొనటం వలన కిరణం నడుమ తీవ్రత మిట్టమధ్యాహ్నపు ఎండలో నాలుగవ వంతుకు మించదు; కనుక పక్షులు మాడిపోతవన్న భయానికి తావు లేదు. చిక్కు వేరుగా ఉన్నది. కొలత తగ్గించి చిన్న ఉపగ్రహంతో మొదలుపెడదామంటే ప్రకృతి ఒప్పుకోదు. పళ్ళెం సగమైతే మచ్చ రెట్టింపవుతుంది. 2023లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ ఉపగ్రహం నుండి పంపిన కిరణాన్ని భూమి మీద గుర్తించగలిగారు. గుర్తించటం వరకే, దీపం వెలిగేటంత కాదు. 2025లో అమెరికా రక్షణ పరిశోధకులు లేసరు కాంతితో 8.6 కిలోమీటర్ల దూరానికి 800 వాట్లకు మించి, 30 సెకండ్ల పాటు అందించారు. కాంతి తరంగాలు అతి పొట్టివి గనుక కిరణం సన్నగా నిలుస్తుంది. అయితే మబ్బు, మంచు దానికి గోడలే.

తీగ పోగలిగిన చోట తీగను మించినది లేదు. తీగ పోరాని చోట కథ మారుతుంది. పుట్టు చెవుడు గల శిశువుకు లోపలి చెవిలో అమర్చే వినికిడి సాధనాన్ని తీసుకొందము. చర్మం లోపల ఒక చుట్ట, వెలుపల అయస్కాంతంతో అతుక్కొని మరొక చుట్ట. నడుమ కొన్ని మిల్లీమీటర్ల చర్మం. దాని గుండా శబ్దపు వార్త, దానిని నడిపే శక్తి రెండూ కలిసే పోతవి. దానికి కావలసినది వాటులో వందవ వంతుల లెక్క. ఆ కొద్దికి 30, 40 శాతం అందినా ఎవరూ చింతించరు. గుండె బలహీనమైనవారికి అమర్చే పంపు సంగతి అట్లు కాదు. అది నాలుగైదు వాట్లు రాత్రింబవళ్ళు అడుగుతుంది. ఆ శక్తి నేటికీ పొట్ట చర్మాన్ని చీల్చుకొని పోయే తీగ ద్వారానే పోతున్నది. ఆ రంధ్రం దగ్గర సూక్ష్మక్రిములు చేరటం ఈ రోగులకు ప్రధానమైన ప్రమాదాలలో ఒకటి. ఆ తీగను తొలగించాలని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లుగా శ్రమపడుతున్నారు. ఊపిరి పీల్చినప్పుడల్లా, పక్క మీద దొర్లినప్పుడల్లా చుట్టలు ఒకదానికొకటి తప్పుకొంటవి, శ్రుతి చెదురుతుంది, నష్టపోయిన శక్తి వేడిగా మారి చుట్టూ ఉన్న కండరాన్ని కాలుస్తుంది. ఫోను వేడెక్కితే పలక మీద నుండి తీసివేయవచ్చును. ఇక్కడ ఒక్క నిమిషం శక్తి ఆగినా పంపు ఆగిపోతుంది.