తిరగడం మానేసిన పళ్లెం: డీజే డెక్ జీవితకథ

ఏ డీజే కంట్రోలర్‌ను చూసినా ముందు కంటికి ఆనేవి రెండు చక్రాలు. వాటి మీద రికార్డు ఉండదు, పక్కన సూది ఉండదు, చాలావాటి కింద మోటారు కూడా ఉండదు. పాట ఉండేది లాప్‌టాప్‌లో. నాలుగు బొత్తాలతో అయిపోయే పనికి ఇంతింత చక్రాలు ఎందుకు? డీజే నేర్చుకుందామని దుకాణానికి బయల్దేరే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం మేలు. ఈ యంత్రం పుట్టి యాభై ఏళ్లు దాటింది. ఈలోగా అది ఎన్నో అవయవాలను రాల్చేసుకుంది. కొన్నింటిని మాత్రం ఎన్ని తరాలు మారినా వదల్లేదు. కొత్తవాళ్లు డబ్బు పెట్టవలసింది ఆ వదలనివాటి మీదే.

ఇంటి కోసం పుట్టి క్లబ్బుకు చేరి

1960ల నాటి రికార్డు ప్లేయర్లలో మోటారు ఒక పక్క, పళ్లెం ఒక పక్క ఉండేవి. రెంటినీ కలిపేది రబ్బరు బెల్టు, లేదా చిన్న రబ్బరు చక్రం. పిండిమర బెల్టుకున్న జబ్బులన్నీ దానికీ ఉండేవి: సాగేది, జారేది, పాతబడితే వేగం నిలకడగా ఉండేది కాదు. జపాన్‌లో మత్సుషిటా కంపెనీ ఇంజనీరు షుయిచి ఒబాటా ఆ బెల్టునే తీసేసి, మోటారు ఇరుసు మీదే పళ్లేన్ని కూర్చోబెట్టాడు. నిమిషానికి వేల చుట్లు తిరిగే మోటారు చేయడం అప్పటికే అందరికీ తెలుసు. నిమిషానికి 33⅓ చుట్లు మాత్రమే, అదీ కుదుపు లేకుండా తిరిగే మోటారు చేయడమే కష్టం. ఆ పద్ధతిలో ఆ కంపెనీ టెక్నిక్స్ పేరుతో చేసిన ఎస్‌పీ-10 1970లో, ఎస్‌ఎల్-1200 1972లో వచ్చాయి. ఎస్‌ఎల్-1200ను కంపెనీ ఉద్దేశించింది ఇంట్లో కూర్చుని శ్రద్ధగా సంగీతం వినేవాళ్ల కోసం.

డీజేలకు అందులో ఇంకోటి కనిపించింది. రికార్డును వేలితో ఆపినా కింద పళ్లెం బలంగా తిరుగుతూనే ఉండేది. వేలు తీయగానే పాట అందుకునేది. బెల్టు యంత్రాల్లో అయితే పళ్లెం కూడా నీరసించి, మళ్లీ వేగం అందుకునే లోపల పాట నీలిగేది. 1979లో వచ్చిన రెండో రూపం, ఎస్‌ఎల్-1200ఎంకే2, డీజేలను దృష్టిలో పెట్టుకునే తయారైంది. నిలబడ్డ పళ్లెం 0.7 సెకనులో పూర్తి వేగానికి చేరేది. క్వార్ట్జ్ స్ఫటికం ఆ వేగాన్ని కాపలా కాసేది. వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికి, తగ్గించడానికి పక్కన ఒక పొడవాటి ఫేడర్ పెట్టారు.

ఆ ఫేడరే రెండు పాటల లయను కలిపే సాధనం. ఒక పాట నిమిషానికి 120 బీట్లతో, రెండోది 126 బీట్లతో నడుస్తుంటే మొదటిదాన్ని 5 శాతం పెంచితే చాలు, అడుగులు కలుస్తాయి. దానికో మూల్యం ఉంది. రికార్డు వేగంగా తిరిగితే శ్రుతి కూడా పైకి పోతుంది. సుమారు 6 శాతం పెంచితే పాట ఒక అరస్వరం మేర ఎక్కుతుంది. లయ కలిపితే శ్రుతి చెడుతుంది, శ్రుతి కాపాడితే లయ తప్పుతుంది. కంప్యూటర్ వచ్చేదాకా డీజేలు ఈ రెంటి మధ్యే సర్దుకుపోయారు.

చెవిలో ఒక పాట, హాల్లో ఒక పాట

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ల హాల్లో ఒక పార్టీ జరిగింది. ఏర్పాటు చేసింది సిండీ క్యాంప్‌బెల్. రికార్డులు వేసింది ఆమె అన్న, కూల్ హెర్క్ అని పేరు పెట్టుకున్న క్లైవ్. వాళ్లది జమైకా నుంచి వచ్చిన కుటుంబం. గాయకుడి గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది సెకన్లలోనే జనం రెచ్చిపోయి ఆడుతున్నారని హెర్క్ పసిగట్టాడు. ఆ ముక్క అయిపోకుండా చూడటానికి ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి రెండు ప్లేయర్ల మీద వేశాడు. ఒకదానిలో ముక్క పూర్తయ్యేసరికి రెండోదానిలో అదే ముక్క మొదలు. హిప్‌హాప్ పుట్టుకకు ఆ పార్టీనే గుర్తుగా చెప్పుకుంటారు.

దానికి లెక్కా పత్రమూ తెచ్చినవాడు జోసెఫ్ శాడ్లర్, లోకానికి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాడు. ముక్క ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి రికార్డు మీదే క్రేయాన్‌తో గీత గీసుకున్నాడు. ఆ గీత ఎన్ని చుట్లు వెనక్కి వెళ్తే ముక్క మొదటికి వస్తుందో లెక్క పెట్టుకున్నాడు. రికార్డు కింద పళ్లెం జారుతూ తిరగడానికి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఫెల్టు గుడ్డ వేశాడు. హాల్లో ఒక పాట మోగుతుండగా రెండోదాన్ని హెడ్‌ఫోన్స్‌లో తాను మాత్రమే వినడానికి మిక్సర్‌కు సొంతంగా ఒక స్విచ్ అమర్చుకున్నాడు. ముందే విని సిద్ధం చేసుకునే ఈ ఏర్పాటును డీజేలు క్యూ అంటారు. ఇదే లేకపోతే ఎంత ఖరీదైన డెక్ అయినా పాట వెంట పాట వేసే ప్లేయర్‌గానే మిగులుతుంది. 1975 ప్రాంతంలో గ్రాండ్ విజర్డ్ థియోడర్ రికార్డును ముందుకూ వెనక్కూ గీరి, ఆ గీరుడునే వాద్యంగా మార్చాడు.

1970లు ముగిసేసరికి యంత్రం పూర్తి శరీరం సంతరించుకుంది: రెండు డెక్కులు, మధ్యలో మిక్సర్, వేగం ఫేడర్, ఒక పాట నుంచి ఇంకో పాటకు జరిగే క్రాస్‌ఫేడర్, చెవిలో క్యూ, చేతికి లొంగే పళ్లెం. తరువాత వచ్చిన మార్పులన్నీ వీటిని మోయడానికి తేలిక చేసినవే.

పాటలేని రికార్డు

అట్ట కవరుతో కలిపి ఒక ఎల్‌పీ రికార్డు పావుకిలో దాకా తూగుతుంది. 80 రికార్డుల పెట్టె 20 కిలోలు. ఊరూరా తిరిగే డీజేకు నడుం నొప్పి వృత్తిరోగం. 2001లో పయనీర్ తెచ్చిన సీడీజే-1000 కొంత ఊరట ఇచ్చింది. సీడీని లోపల పెట్టి, పైన చక్రాన్ని రికార్డులా ముందుకూ వెనక్కూ తిప్పవచ్చు. సీడీల సంచి మోయడం మాత్రం తప్పలేదు.

అసలు మలుపు ఇంకో దారిలో వచ్చింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫైనల్ స్క్రాచ్, ఆ తరువాత 2004లో న్యూజిలాండ్ కంపెనీ సెరాటో తెచ్చిన స్క్రాచ్ లైవ్ పాత టెక్నిక్స్ డెక్కులనే వాడుకున్నాయి. వాటి మీద వేసే రికార్డులో పాట ఉండదు. సెరాటో రికార్డులో ఉండేది 1000 హెర్ట్జ్ దగ్గర ఒక కూత. ఆ కూత కంప్యూటర్‌కు 1000 హెర్ట్జ్‌గానే చేరితే పళ్లెం మామూలు వేగంతో తిరుగుతున్నట్టు. 500కు పడితే సగం వేగం. ఎడమ, కుడి చానెళ్లలో ఒకే కూత ఉన్నా ఒకటి రెండోదానికంటే పావు తరంగం వెనకగా నడుస్తుంది. రికార్డును వెనక్కి తిప్పితే వెనకబడ్డది ముందుకొస్తుంది, దిక్కు తెలిసిపోతుంది. తరంగాల ఎత్తుల్లో దాచిన సంకేతాలు సూది రికార్డులో ఎక్కడుందో చెబుతాయి. ఈ మూడూ తెలిస్తే, లాప్‌టాప్‌లోని ఏ పాటనైనా చేతి కదలికకు అచ్చంగా కట్టేయవచ్చు. రికార్డు పాటను మోయడం మాని, చేతి కదలికను మోయడం మొదలుపెట్టింది.

అక్కడి నుంచి మిగిలింది ఒక్క అడుగే. చేతి కదలిక తెలిస్తే చాలనుకున్నాక రికార్డు, సూది ఎందుకు? చక్రం కింద చిన్న సెన్సర్ పెట్టి, మిక్సర్‌తో సహా ఒకే పెట్టెలో అమర్చి, యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలిపితే కంట్రోలర్ అవుతుంది. 2003లో హెర్క్యులిస్ డీజే కన్సోల్, 2007లో వెస్టాక్స్ వీసీఐ-100 ఆ దారి వేశాయి. టెక్నిక్స్ 2010లో ఎస్‌ఎల్-1200 తయారీ ఆపేసింది. అభిమానులు ఊరుకోలేదు, 2016లో అది తిరిగొచ్చింది.

లయ లెక్క ఎక్కడ తప్పుతుంది

కంప్యూటర్ వచ్చాక శ్రుతి, లయల పేచీ తీరింది. 1966లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ ఫేజ్ వోకోడర్ అనే పద్ధతి చూపారు. ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలోని స్వరాలను అలాగే ఉంచి, ముక్కల మధ్య దూరం మాత్రం పెంచడమో తగ్గించడమో చేస్తారు. దాని వారసులే నేటి సాఫ్ట్‌వేర్‌లోని కీలాక్ బొత్తాలు. వేగం మారినా గాయని గొంతు మారదు.

రెండో సౌకర్యం సింక్. సాఫ్ట్‌వేర్ పాటను ముందే పరిశీలించి, బీట్లు పడే చోట్ల గీతలు గీసుకుంటుంది. దాన్ని బీట్‌గ్రిడ్ అంటారు. బొత్తం నొక్కితే రెండు పాటల గీతలు కలుస్తాయి. క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ సంగీతానికి ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది యంత్రం లెక్కలోనే తయారవుతుంది, పైగా ఒక్కో బీటును నాలుగుగా విరిచే చతురశ్ర నడకలో ఉంటుంది. మన పాటల దగ్గరే తంటా. 1970లు, 80ల సినిమా పాటలు చాలావరకు ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించగా రికార్డయినవి. పల్లవి కంటే చరణం పిసరంత వేగంగా నడవవచ్చు. నిలకడ వేగం ఉందనుకున్న గ్రిడ్ రెండో చరణానికే పక్కకు జారుతుంది. ఇక మన డప్పు దరువుల్లో, మాస్ పాటల్లో తిశ్ర నడక ఎక్కువ. ఒక్కో అడుగును మూడుగా విరిచే ఆ నడకను సాఫ్ట్‌వేర్ రెండుగా విరిచి లెక్కేస్తే, నిమిషానికి 100 అడుగుల పాటకు తెర మీద 150 అని చూపిస్తుంది. అప్పుడు సింక్ నొక్కితే కలిసేది గీతలే, కాళ్లు కలవవు. అలాంటి పాటను చెవితో విని, బీట్‌కు తగ్గట్టు బొత్తం తడుతూ వేగాన్ని మనమే చెప్పాలి. పాత పాటైతే గ్రిడ్‌ను అక్కడక్కడా చేత్తో సరిచేయాలి.

దుకాణంలో చూడవలసినవి

మొదట వెనకా ముందూ చూడండి. స్పీకర్లకు ఒకటి, హెడ్‌ఫోన్స్‌కు ఒకటి, విడివిడి ధ్వని దారులు ఉండాలి. ప్రతి చానెల్‌కూ క్యూ బొత్తం ఉండాలి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అమర్చుకున్న స్విచ్‌కు నేటి రూపం అదే. అది లేని బొమ్మ కంట్రోలర్ ఎంత చవకైనా వద్దు.

తరువాత వేగం ఫేడర్. కంట్రోలర్లు చాలాకాలంగా మాట్లాడే భాష 1983 నాటి మిడి. అందులో మామూలు సంకేతానికి 0 నుంచి 127 దాకా 128 మెట్లే. అటూ ఇటూ 8 శాతం, మొత్తం 16 శాతాన్ని 128 మెట్లుగా పంచితే ఒక్కో మెట్టు 0.125 శాతం. ఒక మెట్టు తేడా ఉన్నా రెండు పాటలు నిమిషానికి 75 మిల్లీసెకన్లు ఎడమవుతాయి, చెవికి తెలిసిపోతుంది. అందుకే మంచి కంట్రోలర్లు రెండు సంకేతాలు జోడించి 16,384 మెట్లు ఇస్తాయి. ఫేడర్ ఎంత పొడవుంటే చేతికి అంత పట్టు.

హెడ్‌ఫోన్స్ చెవిని పూర్తిగా మూసేవి, తీగ ఉన్నవి కావాలి. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకూ బీటుకూ మధ్య అర సెకను. బ్లూటూత్ అందులో 100 నుంచి 200 మిల్లీసెకన్లు మింగేస్తుంది. స్పీకర్లకూ ఇదే సూత్రం. లాప్‌టాప్ సరికొత్తది కానక్కర్లేదు. సెట్టింగుల్లో బఫర్ 256 శాంపిళ్ల దగ్గర పెడితే చేతికీ ధ్వనికీ మధ్య ఆలస్యం దాదాపు 6 మిల్లీసెకన్లు. ధ్వని చిటపటలాడితే 512కు పెంచండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో, కొనే కంట్రోలర్‌తో ఏది పూర్తిగా తెరుచుకుంటుందో ముందే అడగండి. సెరాటో, రెకార్డ్‌బాక్స్ ఎక్కువగా వినిపించే పేర్లు. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే మిక్స్ ఉంది. 2000ల ఆరంభం నుంచీ స్వచ్ఛందంగా నడుస్తున్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పాటలు 320 కేబీపీఎస్ ఎంపీ3లో ఉంటే అయిదు నిమిషాల పాట 12 ఎంబీ, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో అయిదు వేల పాటల దాకా పడతాయి. తక్కువ నాణ్యత పాట ఫోన్‌లో బాగానే ఉంటుంది, పెద్ద బాక్సుల్లో తాళాలూ గజ్జెలూ మసకబారిపోతాయి.

నాలుగు చానెళ్లు, రంగు లైట్ల ప్యాడ్‌లు, డజన్ల ఎఫెక్టులు మొదటి ఏడాది అవసరం లేదు. పాట నుంచి గొంతును, వాద్యాలను విడదీసే స్టెమ్స్ సౌకర్యం సరదాగా ఉంటుంది. 2019లో ప్యారిస్ కంపెనీ డీజర్ స్ప్లీటర్ అనే ప్రోగ్రామును ఉచితంగా వదిలాక అది డీజే సాఫ్ట్‌వేర్‌లోకి త్వరగా పాకింది. అదీ తరువాత నేర్చుకోవచ్చు.

ఒక ఖర్చు మాత్రం వాయిదా వేయొద్దు: చెవి ప్లగ్గులు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. ఊరేగింపు బాక్సుల ముందు రాత్రంతా నిలబడేవాళ్లకు ఈ లెక్క తెలియాలి. మన దేశంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లపై ఆంక్షలున్నాయన్నది కూడా.

సాధన మొదలుపెట్టేటప్పుడు వేగంలో దగ్గరగా ఉన్న రెండు పాటలు చాలు. సింక్ ఆపేయండి, తెర మీది అలల బొమ్మకు గుడ్డ కప్పేయండి. ఒకటి స్పీకర్‌లో, ఇంకోటి చెవిలో పెట్టి, వెనకబడ్డది ఏదో చెప్పగలిగేదాకా వినండి. చక్రాన్ని కొద్దిగా ముందుకు తోసో, వెనక్కి లాగో కలపండి. ఇది వచ్చాక సింక్‌ను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పెళ్లి పందిట్లో ఎవరో తాతగారు వచ్చి 1978 నాటి పాట అడిగినప్పుడు, గ్రిడ్ చేతులెత్తేసినా మీరు ఎత్తేయరు. ఆ చక్రాలు ఇంకా మిగిలి ఉన్నది ఆ పని కోసమే.