కుకీలో అంకె మారిస్తే పక్కింటివాళ్ల వివరాలు!

బాతెల్‌లో మా తెలుగు కుటుంబాల బృందానికి ఉగాది రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ నేనే రాసిపెట్టాను. ఆఫీసులో చేసేదీ కోడింగే కాబట్టి ఒక్క వారాంతంలో అయిపోయింది. అందరూ బాగుందన్నారు. మూడో రోజు మా స్నేహితుడి కొడుకు, తొమ్మిదో గ్రేడ్ కుర్రాడు, ఫోన్ చేశాడు.

"అంకుల్, మీ కుకీలో మా ఫ్యామిలీ నంబర్ 27 అని ఉంది. ఊరికే 28 అని మార్చి చూశాను. వేరేవాళ్ల పేజీ వచ్చింది."

నేనూ చేసి చూశాను. నిజమే! ఇంకో కుటుంబం పేర్లు, ఫోన్ నంబరు, పిల్లల వయసులు అన్నీ కనిపించాయి. వెంటనే సైట్ ఆపేశాను. తప్పు పూర్తిగా నాదే. మన పిల్లలు చాలామంది స్కూల్ క్లబ్బులకీ, సంఘాలకీ ఇలాంటి సైట్లు రాస్తుంటారు కాబట్టి, ఏం జరిగిందో చెబుతాను.

వెబ్ పేజీలు నడిచే హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి ఉండదు. నిమిషం క్రితం వచ్చిన మీరే మళ్లీ వచ్చినా సర్వర్‌కి కొత్తవారే. ఈ ఇబ్బందికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కనిపెట్టిన ఉపాయమే కుకీ.

పని తీరు సులువే. సర్వర్ పేజీతో పాటు 'సెట్-కుకీ' అనే వరుసలో ఒక పేరు, ఒక విలువ పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైట్‌కి వెళ్లినప్పుడల్లా తిరిగి పంపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడేది ఇక్కడే. కుకీ పెట్టిన వెంటనే, అదే రిక్వెస్ట్‌లో చదవబోతే ఖాళీగా ఉంటుంది. అది బ్రౌజర్‌కి చేరి, తర్వాతి రిక్వెస్ట్‌తో తిరిగి రావాలి మరి.

మన ఊళ్లలో గుడి బయట చెప్పుల స్టాండు గుర్తుందా? చెప్పులు వాళ్ల దగ్గర, టోకెన్ మన జేబులో. కుకీ ఆ టోకెన్ లాంటిది. కుటుంబం వివరాలు సర్వర్‌లోనే ఉండాలి, టోకెన్ మీద గుర్తు మాత్రమే ఉండాలి. అంతవరకు నేను సరిగ్గానే చేశాను. కానీ టోకెన్ మీద 27, 28 అని వరుస అంకెలు వేశాను. జేబులో ఉన్న టోకెన్‌ని దిద్దుకుంటే ఆపేదెవరు?

కుకీకి మూడు రక్షణలు పెట్టవచ్చు. 'సెక్యూర్' అంటే హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే వెళ్తుంది. 'హెచ్‌టీటీపీ-ఓన్లీ' అంటే పేజీలోని జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. 'సేమ్‌సైట్' అంటే వేరే సైట్‌లో పెట్టిన దొంగ ఫారంతో మన కుకీ వెళ్లకుండా అడ్డుకుంటుంది. ఈ మూడూ నేను పెట్టాను. అయినా అవి నన్ను కాపాడలేదు. బయటివాళ్లు కుకీ కాజేయకుండా ఆపగలవు గానీ, బ్రౌజర్ సొంతదారు తన కుకీని తానే మార్చుకుంటే ఆపలేవు.

అందుకే కుకీలో వచ్చింది సాక్ష్యం కాదు, వచ్చినవారు చెప్పిన మాట మాత్రమే. సర్వర్ సరిచూసుకోవాలి. ఇప్పుడు రిజిస్టర్ చేసుకున్న ప్రతి కుటుంబానికీ ఎవరూ ఊహించలేని 128 బిట్ల యాదృచ్ఛిక గుర్తు ఇస్తున్నాను. పైథాన్‌లో దీనికి 'సీక్రెట్స్' అనే మాడ్యూల్ ఉంది. ఆ గుర్తు ఏ కుటుంబానిదో సర్వర్‌లో రాసి ఉంటుంది. లాగౌట్ నొక్కితే కుకీని తీసేయడమే కాదు, సర్వర్‌లో ఆ గుర్తును కూడా రద్దు చేస్తున్నాను. లేకపోతే ఎవరైనా రాసిపెట్టుకున్న పాత టోకెన్ ఇంకా చెల్లుతూనే ఉంటుంది.

మీ పిల్లలు సైట్ రాస్తుంటే, ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, 'అప్లికేషన్' కింద 'కుకీస్' తెరవమనండి. వాళ్లు రాసిన సైట్‌లోనే ఒక అంకె మార్చి చూడమనండి. వేరేవాళ్ల వివరాలు కనిపిస్తే సైట్ ఇంకా సిద్ధం కానట్టే.

28వ నంబర్ కుటుంబానికి ఆ రాత్రే ఫోన్ చేసి జరిగింది చెప్పాను, క్షమించమన్నాను. మర్నాడు బృందంలో అందరికీ చెప్పాను. ఒకరిద్దరు కోప్పడ్డారు, న్యాయమే. ఇక ఆ కుర్రాడు చూసింది స్నేహితులకి చెప్పి నవ్వుకోకుండా నేరుగా నాకే చెప్పాడు. మార్చిన కోడ్‌ని ముందు వాడికే చూపించాను. గంటసేపు అంకెలు, అక్షరాలు మార్చి చూసి, "ఇప్పుడు ఓకే అంకుల్" అన్నాకే సైట్ మళ్లీ తెరిచాను.