పరుల పేర వ్రాసిన చెక్కు



గత సంక్రాంతి పిమ్మట చోడవరము వైపు ఒక గ్రామమునకు చెఱకు తోటలోని తెగులును పరీక్షించుటకై పోయితిని. తోట చూపవచ్చిన రైతు తెగులు మాట కొంత తడవు మఱచి, చొక్కా జేబులోనుండి ఒక చెక్కును తీసి నా చేతికిచ్చెను. అనకాపల్లి మార్కెట్టున బెల్లపు దిమ్మలు కొనిన వర్తకుడు ఆతని అన్నగారి పేర వ్రాసియిచ్చిన చెక్కది. సొమ్ము 38,000 రూపాయలు. అన్నగారు కాలు విఱిగి విశాఖపట్టణమున ఆసుపత్రిలో నుండిరి. ఇక్కడ గానుగ కూలీలకు కూలి బాకీ యుండెను.

"బాబూ, మా అన్నయ్య సంతకము నేను అచ్చముగా పెట్టగలను. వెనుక ఆయన పేరు వ్రాసి సొమ్ము తెచ్చుకొన్న తప్పేమున్నది? సొమ్ము మా యింటిదే కదా!" అని యడిగెను.

పరుని పేరిటి చెక్కును మార్చుకొనవచ్చునా యను ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము చెప్పవలనుపడదు. చాలవఱకు ఉత్తరము ఆ చెక్కు ముఖముననే యుండును. కావున నేను దానిని రెండుసారులు చదివితిని.

మన చెక్కులకు నేటికిని ఆధారము 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము. దానిని బట్టి చూడగా, పేరు వ్రాయు గీత చివర "లేక బేరరుకు" అను అర్థముగల మాటలు అచ్చుపడి, కొట్టివేయబడక యున్నయెడల, అది బేరరు చెక్కు. దానిని తెచ్చినవానికి బ్యాంకివారు సొమ్ము చెల్లింపవచ్చును. తెచ్చినవాని గుర్తింపును, సంతకమును అడుగుటయు కలదు. ఇట్టి చెక్కు బస్సులో జారిపోయినచో దొరికినవాడు సొమ్ము తీసికొని పోవచ్చును. వానికి హక్కు లేదు, అది నేరమే. ఐనను బ్యాంకివారు అజాగ్రత్త లేక సద్బుద్ధితో చెల్లించిరేని వారి బాధ్యత తీరిపోవును, నష్టము మనది.

ఆ మాటలు కొట్టివేయబడినచో అది ఆర్డరు చెక్కు. ఆ సొమ్ము పేరుగలవానికి గాని, ఆతడు చెప్పినవానికి గాని చెందును. చెప్పుట యనగా నోటిమాట కాదు. చెక్కు వెనుక "ఈ సొమ్ము ఫలానివారికి చెల్లింపుడు" అని వ్రాసి, తన చేతితో సంతకము చేయవలెను. ఎవరి పేరును వ్రాయక వట్టి సంతకము చేసినచో ఆ చెక్కు బేరరు చెక్కుతో సమానమగును. కావున బ్యాంకి బల్ల వద్దకు చేరకమునుపు ఊరకే వెనుక సంతకము చేసి జేబులో పెట్టుకొనరాదు. చెక్కులోని సొమ్ములో కొంతభాగమును మాత్రము ఒకరికి వ్రాసియిచ్చుట చెల్లదు. ఎరువుల బాకీ క్రింద చెక్కును వెనుక వ్రాసి వర్తకునికిచ్చిన రైతు మఱియొక సంగతి నెఱుగవలెను: బ్యాంకిలో ఆ చెక్కు చెల్లక తిరిగివచ్చినచో, వేఱు ఒడంబడిక లేనియెడల, ఆ వర్తకుడు ఈ రైతునే సొమ్ము అడుగగలడు.

ఇక మన రైతు ప్రశ్న. అన్నగారి పేరును తమ్ముడు వ్రాసి, అది అన్నగారి చేవ్రాతయే యని బ్యాంకివారిని నమ్మించి సొమ్ము తీసికొనవచ్చునా? కూడదు. నేను చదివిన మిషను పాఠశాలలో కాపీపుస్తకములోని అక్షరములను అచ్చుగ్రుద్దినట్లు దింపినవానికి బహుమానము దొరకెడిది. బ్యాంకిలో అట్టి నేర్పునకు దొరకునది వేఱు. మోసపుచ్చు తలంపుతో చెక్కువంటి విలువగల పత్రమును కూటసృష్టి చేసినవానికి, 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితను బట్టి, పదియేండ్ల వఱకు గాని యావజ్జీవము గాని కారాగారము విధింపవచ్చును. "నాకు అట్టి తలంపు లేదు, అన్నయ్య ఒప్పుకొనెను" అని యీ రైతు చెప్పవచ్చును. నిజమే. కాని అన్నదమ్ములు వేఱుపడిన నాడో, వదినగారు లెక్క యడిగిన నాడో ఆ నోటిమాటను రుజువు చేయుట యెట్లు? ఒకని వ్యవహారములు చూచుటకును, బాకీలు వసూలు చేయుటకును అధికారము పొందిన కారిందాకు సైతము అంతమాత్రమున యజమాని చెక్కు వెనుక సంతకము చేయు అధికారము రాదని చట్టమే చెప్పుచున్నది.

ఇంతకును ఆ చెక్కుపై ఎడమ మూలను రెండు అడ్డగీతలు గీయబడి, వానినడుమ "అకౌంట్ పేయీ" అని వ్రాయబడియుండెను. అడ్డగీతలున్న చెక్కునకు బల్లవద్ద రొక్క మియ్యరు; ఖాతాద్వారమున రావలసినదే. ఈ రెండుమాటలు కూడ నున్నచో, రిజర్వు బ్యాంకి ఆజ్ఞనుబట్టి, పేరుగలవాని ఖాతాకు తప్ప పరుల ఖాతాకు జమకట్టరాదు. అన్నగారు స్వయముగా వెనుక వ్రాసియిచ్చినను తమ్మునికి ఫలము లేదు! గీతలను మనము చెఱుపరాదు. గీతలు లేని చెక్కుపై వానిని గీసికొను హక్కు మాత్రము మనకు కలదు. పట్టణమునుండి చెక్కుతో తిరిగివచ్చు రైతు ఆ పని అక్కడనే చేసికొనుట మంచిది.

అన్నగారికి బ్యాంకిలో ఖాతా లేదు. మన సంఘములో పొదుపు ఖాతా కలదు. ఇచ్చట మన సభ్యులకు పనికివచ్చు నియమ మొకటి యున్నది, నే నడిగినవారిలో దాని నెఱిగినవారు అరుదు. 50,000 రూపాయలకు మించని "అకౌంట్ పేయీ" చెక్కును, పేరుగలవాడు సహకార పరపతి సంఘ సభ్యుడైనచో, ఆ సంఘమునకు ఖాతాగల బ్యాంకి సంఘము ఖాతాద్వారా వసూలు చేయుటకు రిజర్వు బ్యాంకి అనుమతించినది. వసూలైన సొమ్మును ఆ సభ్యుని ఖాతాకే జమకట్టుదుమని సంఘము వ్రాసియియ్యవలెను. ఇది బ్యాంకి ఇష్టమును బట్టి జరుగునదే గాని నిర్బంధము కాదు.

రైతు ఆ సాయంకాలమే చెక్కును కార్యదర్శిగారి కప్పగించి రసీదు పొందెను. మఱునాడు విశాఖపట్టణమునకు పోయి, సొమ్ము తీసికొనుటకు అన్నగారు స్వహస్తముతో సంతకము చేసిన అధికార పత్రమును తెచ్చెను. నాలుగవనాడు సొమ్ము అన్నగారి పద్దున జమయయ్యెను, ఆ పత్రముపై కూలీల సొమ్ము ఇచ్చివేసిరి.

పేరుగలవాడు మరణించినయెడల కుమారుడు తండ్రి సంతకము చేయరాదు. చెక్కు వ్రాసినవారివద్దకు వారసులు తగిన కాగితములతో పోయి మార్పించుకొనవలెను. అది మూడునెలలలోపుగా జరుగుట మేలు. చెక్కు గడువు 2012 ఏప్రిలు 1వ తేదీనుండి ఆఱునెలలకు బదులు మూడునెలలే.

ఆనాటి తెగులు ఎఱ్ఱకుళ్లు. దానిని గూర్చి రాబోవు సంచికలో వ్రాసెదను.